ముందే వచ్చిన ధూపం

పొద్దున్నే హెస్సా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, మైదాపిండి చేతులతో ఉన్న సిద్ధమ్మను వెనకనుంచి గట్టిగా వాటేసుకుంది.

"వస్తాండారు సిద్దమ్మా. సాయంత్రం," అని చెవిలో చెప్పింది. తెలుగులో, అదీ కడప యాసలో.

కువైట్‌లో, సల్వాలోని ఆ ఇంటికి సిద్ధమ్మ పనికి వచ్చేనాటికి హెస్సాకు నాలుగేళ్లు. అన్నం తినిపించాలన్నా, నిద్రపుచ్చాలన్నా సిద్ధమ్మకు చేతనైన భాష ఒక్కటే. దాంతో ఆ కువైటీ పిల్ల తిను, పండుకో, ఏమైంది, గమ్మునుండు లాంటి మాటలన్నీ అరబ్బీతో పాటే పట్టేసింది. ఇప్పుడామె బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది. అక్కడే పనిచేసే బదర్ అనే అబ్బాయి మీద మనసు పడిందని ఆ ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది సిద్ధమ్మకే. తల్లికి చెప్పే ధైర్యం లేక, రోజూ వంటింటి గట్టు మీద కూర్చుని కాళ్లూపుతూ చెప్పింది అంతా.

ఇవాళ బదర్ తరఫు ఆడవాళ్లు పిల్లనడగడానికి వస్తున్నారు. పెద్దరికం బదర్ నాయనమ్మది. పేరు ఏదైనా అందరూ ఆమెను ఉమ్ సాలెం అంటారు, సాలెం తల్లి అని. ఎడారి గుడారాల్లో పుట్టి పెరిగిన మనిషి, పాత పద్ధతులు గీత తప్పనివ్వదు. ఆమె సరే అంటే ఆ ఇంట్లో అందరూ సరే అన్నట్టే. ఆమె మనసు విరిగితే మళ్లీ ఆ గడప తొక్కదు, తన వాళ్లను తొక్కనివ్వదు.

హెస్సా పైకి వెళ్లిపోయాక సిద్ధమ్మ పిండి మీద తడిగుడ్డ కప్పి, కాసేపు అలాగే నిలబడింది. ఆమె భయమల్లా ఒక్కటే. ఈ ఇంటి గురించి బయట ఒక మాట ఉంది.

ఇంతకు ముందు రెండు సంబంధాలు వచ్చాయి. రెండూ ఇంటావిడకు నచ్చలేదు. సిద్ధమ్మ ఆమెను మామా అంటుంది, అమ్మా అన్నట్టు, పనివాళ్లందరూ అలాగే అంటారు. మామా నచ్చలేదని నోటితో అనే మనిషి కాదు. ఈ దేశంలో అలా అనడం మర్యాద కూడా కాదు. ఇంటికి వచ్చినవాళ్లకు ముందు గహ్వా ఇస్తారు, పసుపుపచ్చగా, యాలకుల వాసనతో ఉండే వాళ్ల కాఫీ. తర్వాత తీపి, తర్వాత టీ. అన్నీ అయ్యాక, చివర్లో, నిప్పుల మీద ఊదు చెక్క వేసి ధూపం పట్టుకొచ్చి ఒక్కొక్కరి ముందు తిప్పుతారు. వాళ్లు ఆ పొగను బట్టలకు, తలకు పట్టించుకుని లేస్తారు. ధూపం తిరిగాక కూర్చుని ఉండటం వాళ్లలో లేదు. అది వీడ్కోలు.

ఆ రెండు సార్లూ మామా కంటితో ఒక సైగ చేసింది. సిద్ధమ్మ తీపీ లేకుండా, టీ లేకుండా, గహ్వా వెనకే ధూపం పట్టుకెళ్లింది. వచ్చినవాళ్లకు అర్థమైంది. నవ్వుతూనే లేచి, నవ్వుతూనే వెళ్లిపోయి, ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట ఉమ్ సాలెం చెవిన పడే ఉంటుందని సిద్ధమ్మకు అనుమానం.

*

సిద్ధమ్మది చిన్నమండెం పక్క పల్లె. చెనక్కాయలు వొలిచే కూలి నుంచి నేరుగా విమానం ఎక్కింది. ఆమెకు ఇక్కడి పద్ధతులు చెప్పినవాళ్లు లేరు. అప్పుడు వంటింట్లో ఉన్న ఆమె శ్రీలంక మనిషి, ఆమె మాట ఈమెకు రాదు, ఈమె మాట ఆమెకు రాదు. ఆ మనిషి చేతులు ఎలా కదులుతున్నాయో చూసి నేర్చుకుంది సిద్ధమ్మ. గహ్వా కూజా ఎడమ చేతిలో, చిన్న గిన్నెలు కుడి చేతిలో. ముందు పెద్దవాళ్లకు, తర్వాత కుడివైపు వరసగా. బోర్లపడిన చెప్పు కనిపిస్తే ఆగి తిప్పి పెట్టాలి. పసిపిల్లను ముద్దుగా ఉందంటే ఆ వెంటనే మషాల్లా అనాలి, లేకపోతే దిష్టి పెట్టినట్టే. పని చేసే చేతిని చూస్తే చాలు, అదే చెబుతుందని ఆమె నమ్మకం.

అందుకే కొత్తగా ఊరి నుంచి ఎవరొచ్చినా సిద్ధమ్మ దగ్గరికి పంపించేవాళ్లు, శుక్రవారం పూట. ఈసారి మాత్రం కొత్తమనిషి ఇంట్లోకే వచ్చింది. వెంకటేశ్వరి, రాయచోటి అవతలి అమ్మాయి. పెళ్లై బిడ్డ ఉన్నా ఇంకా పాపలాగే ఉంటుంది. ఇంటి డ్రైవర్ అన్వర్ బాషా ఆమెను విమానాశ్రయం నుంచి తెచ్చి వంటింటి గుమ్మంలో దించి, "సిద్దక్కా, నీకొక శిష్యురాలు. దారిపొడుగునా ఏడ్చింది, ఇప్పుడు ఆకలవుతాందంట," అని చెప్పిపోయాడు.

వెంకటేశ్వరి పనికి చురుకు. ఒకసారి చూపిస్తే చాలు, మళ్లీ చెప్పనక్కర్లేదు. గహ్వా దగ్గర మాత్రం తకరారు పెట్టింది. గిన్నెలో అడుగున గుక్కెడు పోసి ఇవ్వమంటే ఆమె చెయ్యి ఆగలేదు. నిండా పోసేసింది. ఇక్కడ గిన్నె నిండా పోస్తే తాగి దయచేయమన్నట్టు అని సిద్ధమ్మ చెబితే, అదేమి మర్యాదని ఆశ్చర్యపోయింది. మా ఊర్లో సగం గ్లాసు ఇస్తే ఆ చుట్టం మళ్లీ మా వాకిట్లోకి రాడంది. పక్కనే టీ తాగుతున్న అన్వర్ బాషా, ఇక్కడ కాఫీ జ్వరం మందు మాదిరి పోస్తారమ్మా, తాపతాపకూ కొంచెం కొంచెం అన్నాడు. గిన్నె కుడిచేత్తో అటూ ఇటూ కదిపితే ఇక చాలని అర్థమనీ, అంతదాకా పోస్తూనే ఉండాలనీ సిద్ధమ్మ చేసి చూపించింది. ఆ రోజంతా వెంకటేశ్వరి ఖాళీ గిన్నెలు కదుపుతూ తిరిగింది.

ఇంకొకటి కూడా చెప్పింది సిద్ధమ్మ, గొంతు తగ్గించి. పాతకాలపు మనుషులు ఏదైనా పెద్ద కోరిక అడగడానికి వస్తే, ఇచ్చిన గహ్వా తాగకుండా ముందు పెట్టుకుంటారు. ఇంటివాళ్లు నీ కోరిక తీరింది, తాగు అనేదాకా ముట్టుకోరు. ఆ గిన్నె జోలికి మనం పోకూడదు.

అన్నీ చెప్పిన సిద్ధమ్మ ధూపం సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఆ పని ఆమె ఎన్నడూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇవ్వని పని గురించి చెప్పాలని తోచలేదు.

*

మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు అయి చాలాసేపయ్యాక, పొద్దు వాలుతుండగా రెండు కార్లు గేటు ముందు ఆగాయి. అన్వర్ బాషా పరుగున వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి, ముసలామె చేతిలో కర్ర ఉన్నా నిటారుగా నడుస్తోందని, వెనక నలుగురు ఆడవాళ్లున్నారని చెప్పి మాయమయ్యాడు.

సిద్ధమ్మ మొదటి గహ్వా తనే పోసింది. హాల్లో ఉమ్ సాలెం పెద్ద సోఫాలో మధ్యన కూర్చుంది. ముఖమంతా ముడతలు, కళ్లు మాత్రం పడుచుపిల్ల కళ్లలా చురుగ్గా ఉన్నాయి. గిన్నె కుడిచేత్తో అందుకుని, పెదవి దాకా తీసుకెళ్లకుండా, పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టింది.

సిద్ధమ్మకు అర్థమైంది. అడగడానికే వచ్చింది. నోరు తెరవకముందే అడిగేసింది. మామా కూడా చూసింది. చూసీ చూడనట్టు ఆరోగ్యాల గురించి, ఎండల గురించి మాట్లాడుతోంది. వెంటనే ఒప్పేసుకుంటే ఆడపిల్లవాళ్లకు చులకన. కాసేపు నాననివ్వాలి. మామా ముఖం విప్పారి ఉంది, ఆమెకు ఇష్టమేనని సిద్ధమ్మకు తెలుస్తోంది. అయినా ఆ గిన్నె అక్కడ ముట్టకుండా ఉన్నంతసేపూ ఏదీ ఖాయం కాదు.

కూజాను హాలు గుమ్మం వైపున్న గహ్వా బల్ల మీద పెట్టి వంటింట్లోకి వస్తూ మెట్ల పైకి చూసింది. మెట్ల మలుపులో హెస్సా చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పెద్దామె గిన్నె పెట్టేసిందని సిద్ధమ్మ చేత్తోనే చూపించింది. హెస్సా అక్కడే రెండు గంతులు వేసింది.

ఇప్పుడు తీపి. లుగేమాత్ వేడివేడిగా పోవాలి. మన పునుగుల మాదిరే పిండిని పిడికిట్లోంచి పిండి, తడి చెంచాతో గీకి నూనెలో వేస్తారు. గోళీల్లా గుండ్రంగా, లోపల గుల్లగా, పైన కరకరలాడాలి. చల్లారితే మెత్తబడి పనికిరావు. అందుకని సిద్ధమ్మ పొయ్యి దగ్గర నిలబడింది. కదిలేందుకు లేదు. బొగ్గులు రాజేసి ఉంచమని వెంకటేశ్వరికి పొద్దున్నే చెప్పింది. ఆ పిల్ల ఆ పని ఎంత బాగా చేసిందంటే, గుండ్రటి బొగ్గులు రెండూ లోపలిదాకా ఎర్రగా కాలి, పైన సన్నటి బూడిద పట్టి, ఊదు వేయడానికి సరిగ్గా తయారై ఉన్నాయి.

కిటికీ బయట ఎండ ప్రహరీ దిగిపోయింది. పొద్దుగూకగానే పిలిచే మగ్రిబ్ అజా ఇంకా కాలేదు. దీపాలు పెట్టే వేళ.

సిద్ధమ్మ రెండో వాయి తీసి పాకంలో వేస్తుండగా, నూనె వాసనను కోసుకుంటూ మరో వాసన వచ్చింది. ఊదు. పచ్చి ఊదు నిప్పు తగిలి కమ్మగా లేచిన వాసన. అది వంటింట్లోంచి కాదు, హాల్లోంచి వస్తోంది. పక్కకు చూసింది. వెంకటేశ్వరి లేదు. బొగ్గులు లేవు. ధూపం గిన్నె లేదు.

పొయ్యి ఆర్పిందో లేదో ఆమెకే తెలియదు. తడి చెంచా చేతిలో ఉండగానే పరుగెత్తింది.

*

హాలు గుమ్మం దగ్గర ఆమె చూసింది మరిచిపోయేది కాదు. వెంకటేశ్వరి ధూపం గిన్నెను రెండు చేతులా పట్టుకుని, తల కొద్దిగా వంచి, ఉమ్ సాలెం ముందు నిలబడి ఉంది. నేర్పినవన్నీ చేసింది. ముందు పెద్దామె దగ్గరికి వెళ్లింది. కుడివైపు నుంచి వచ్చింది. ముఖంలో అంత సంతోషం, అంత భక్తి. ఇంటికి శుభకార్యం మీద చుట్టాలు వచ్చారు, సందెవేళ అయింది, సిద్దక్క పొయ్యి దగ్గర తీరిక లేకుండా ఉంది, నేనే సాంబ్రాణి వేద్దామనుకుంది. వాళ్ల ఊర్లో పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లకు మొదట చేసేది అదే.

ఉమ్ సాలెం పొగ వైపు చూసింది. బల్ల మీద తాను ముట్టని గహ్వా వైపు చూసింది. తీపి రాలేదు, టీ రాలేదు. మెల్లగా చేతికర్ర అందుకుంది. మగ్రిబ్ దగ్గరపడుతోంది, నమాజు ఇంటికెళ్లి చేసుకుంటాం అంది. గొంతులో కోపం కూడా లేదు, అదే భయం. కూడా వచ్చిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పైన కప్పుకున్న నల్లటి అబాయాలు సర్దుకుని లేచారు.

మామా ముఖం తెల్లబోయింది. ఇది నేను పంపలేదని ఆమె అనలేదు. అంటే, ముందు రెండు సార్లు నేనే పంపానని ఒప్పుకున్నట్టవుతుంది. కూర్చోండి, కూర్చోండి అని మాత్రం అంటోంది. ధూపం తిరిగాక ఆ మాటను ఎవరూ లెక్కపెట్టరు.

మెట్ల మలుపు నుంచి, చుట్టాలెవరికీ అర్థం కాని భాషలో, హెస్సా గొంతు వినబడింది. "ఏమైంది సిద్దమ్మా?"

సిద్ధమ్మ వెంకటేశ్వరి చేతుల్లోంచి ధూపం గిన్నె తీసుకుని, చెంచా ఆ పిల్లకిచ్చి, గిన్నెను గుమ్మం పక్కన నేల మీద దించింది. అక్కడి నుంచి గహ్వా బల్ల దగ్గరికి వెళ్లి కూజా ఎత్తింది. కూజా ఇంకా వేడిగానే ఉంది. పాత గిన్నెను, ఎవరూ ముట్టకూడని ఆ గిన్నెను, పెద్దామె ఎదుటే తీసి చల్లారిన గహ్వాను ఖాళీ పాత్రలో పారబోసింది. కొత్త గిన్నెలో అడుగున గుక్కెడు పోసింది, పొగలు కక్కుతూ. చేతికి ఇవ్వలేదు. వంగి, ఆ బల్ల మీద, పాత గిన్నె వదిలిన తడి గుర్తు మీదే సరిగ్గా పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది.

గహ్వా పోసే మనిషి గిన్నెను చేతికే ఇస్తుంది. బల్ల మీద ఎప్పుడూ పెట్టదు. బల్ల మీద పెట్టేది అడగడానికి వచ్చినవాళ్లే. నీ కోరిక ఇంకా అక్కడే ఉంది, చల్లారలేదు, ఈ ఇల్లు ఇంకా జవాబు చెప్పలేదు, అని ఆ చెయ్యి చెప్పింది.

ఉమ్ సాలెం లేవబోయినది లేవబోయినట్టే ఆగింది. గిన్నెను చూసింది, సిద్ధమ్మను చూసింది. మరి ఆ పొగ ఏమిటని అడిగింది.

సిద్ధమ్మ అరబ్బీ వంటింటి అరబ్బీ. అతుకులు అతుకులుగా చెప్పింది. ఈ పిల్ల కొత్త. మాది ఒకే ప్రాంతం. మా దగ్గర మంచివాళ్లు ఇంట్లో అడుగుపెడితే, దీపాల వేళకు, పొగ వేస్తాం. అది రమ్మని. పొమ్మని కాదు.

పెద్దామె కర్ర మీద గడ్డం ఆనించి కళ్లు చిన్నవి చేసింది.

"వచ్చినప్పుడు పొగ వేస్తే, పొమ్మనడానికి ఏం చేస్తారు మీరు?"

"పొమ్మనం. ఎట్లా అంటాం? వాళ్లే చెప్పాలి. వాళ్లు కూడా పోతామని అనకూడదు. పోయొస్తాం అనాలి. పోతాం, మళ్లీ వస్తాం అని."

"చుట్టం వెళ్లకపోతే?"

"అన్నం వండుతాం."

ముందు నవ్వింది వెనకనున్న ఆడవాళ్లలో ఎవరో. ఆ తర్వాత ఉమ్ సాలెం భుజాలు కదిలాయి. నోరు మూసుకునే నవ్వింది గానీ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కర్ర పక్కన పెట్టేసి సోఫాలో వెనక్కి వాలింది. వెంకటేశ్వరి వైపు వేలు చూపించి, ఈ పిల్ల నన్ను రమ్మంటుంటే నేను కోపంతో పోబోయానా అంది. తర్వాత ఆ వేలు గహ్వా గిన్నె వైపు తిరిగింది. మామా వైపు చూస్తూ చెప్పింది, ఇదీ చల్లారిపోతుందేమో.

ఈసారి మామా ఎండల గురించి మాట్లాడలేదు. చులకన అవుతామని కాసేపు నాననివ్వలేదు. లేచి వెళ్లి పెద్దామె పక్కన కూర్చుంది.

"తాగండి, ఉమ్ సాలెం. మీరు వచ్చిన పని అయింది. హెస్సా నాన్న మాట కూడా ఇదే."

ఉమ్ సాలెం గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది. మెట్ల మీద ఏదో ధబ్బున పడిన చప్పుడైంది. హెస్సా కూలబడిపోయింది, సంతోషంతో. అదే సమయానికి వీధి చివర మసీదు నుంచి మగ్రిబ్ అజా మొదలైంది. ఇంటికెళ్లి నమాజు చేసుకుంటామన్నవాళ్లు ఇక్కడే నమాజుకు పరుచుకునే జానిమాజులు అడిగారు. మామా తనే పరుగెత్తి తెచ్చి పరిచింది.

*

వంటింట్లో పొయ్యి ఆర్పే ఉంది. పాకంలో పడిన లుగేమాత్ మెత్తబడి పోయాయి. సిద్ధమ్మ వాటిని పక్కకు నెట్టి మళ్లీ నూనె పెట్టింది. పిండి గుండ్రంగా రావడం లేదు, తోకలు వస్తున్నాయి.

వెంకటేశ్వరి మూలన నిలబడి ఏడుస్తోంది. నన్ను మక్తబ్‌కు పంపిస్తారా అక్కా అంటోంది. మక్తబ్ అంటే పనిమనుషులను తెచ్చే ఆఫీసు, అక్కడికి వాపసు పోవడమంటే ఇంకే ఇంట్లో పడతామో తెలియదు.

"నిన్ను కాదు మ్మే, నన్ను పంపియ్యాల. బొగ్గులు చేయమంటి గానీ ఎప్పుడో చెప్పకపోతి," అంది సిద్ధమ్మ. "కండ్లు తుడ్సుకుని ఆ తట్ట ఎత్తు. తోకలుండేటివి మన బాషాకు పెట్టు, ఆయప్ప చూడకనే తింటాడు."

నమాజు అయ్యాక తీపి వెళ్లింది, టీ వెళ్లింది. హెస్సా కిందికి వచ్చి పెద్దామె నుదుటి మీద ముద్దు పెట్టింది. నవ్వులు వంటింటి దాకా వినబడ్డాయి. గుమ్మం అవతల అన్వర్ బాషా నోటినిండా లుగేమాత్ పెట్టుకుని, లోపల ఏమైందో చెప్పమని సైగలు చేస్తూనే ఉన్నాడు. ఎవరికీ తీరిక లేదు.

చివరికి మామా వంటింట్లోకి తొంగిచూసి, ఇప్పుడు తీసుకురమ్మంది. సిద్ధమ్మ కొత్త బొగ్గులు పెట్టి, ఊదు చెక్క చిన్నది వేసింది. ధూపం గిన్నె ఎత్తి వెంకటేశ్వరి వైపు చాపింది. ఆ పిల్ల వెనక్కి జరిగింది. సిద్ధమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు. ఇంతకాలం ఎవరికీ ఇవ్వని పని అది.

వెంకటేశ్వరి దాన్ని అందుకుని హాల్లోకి వెళ్లి, అంతకు ముందు నిలబడ్డ చోటే నిలబడింది. ఉమ్ సాలెం పొగ వైపు అనుమానంగా చూసి, ఇప్పుడు రమ్మంటున్నావా పొమ్మంటున్నావా అని అడిగింది. ఆ పిల్లకు అరబ్బీ సగమే అర్థమైంది గానీ, మిగతా అందరూ నవ్వుతుంటే తనూ నవ్వింది. పెద్దామె పొగను రెండు చేతులతో ముఖానికి, తలముసుగుకు తోసుకుంది. లేచి కర్ర అందుకుంది.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. సిద్ధమ్మను పిలిచి, మీ ఊరి ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పమంది. సిద్ధమ్మ చెప్పింది. పెద్దామె పెదవులు కదిపి, నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకుని, వెంకటేశ్వరి వైపు తిరిగింది.

"బోయొస్తా," అంది, 'ప' పలకని అరబ్బీ నోటితో, గంభీరంగా.

ధూపం గిన్నె చేతిలో ఉండగానే, అలవాటు కొద్దీ, తమ ఊరి వాకిట్లో నిలబడి ఉన్నట్టే, వెంకటేశ్వరి తల ఊపింది.

"మంచిది అవ్వా. పోయి రా."